నాయనకు, ఊదే మెషిన్ సంగతి

కేంబ్రిడ్జి

నాయనకు,

ఇక్కడ అందరం బాగున్నాం. చలి మొదలైంది, అంతే.

"ఊదితే షుగర్ డౌన్ అయ్యేది చెప్పే మెషిన్ మీ ఊళ్లోనే ఉందంట, ఒకటి పంపు" అన్నావు కదా. ఆ వార్త పూర్తిగా ఉత్తదేం కాదు, కానీ జరిగింది పరిశోధనే. ఇక్కడి ఆడెన్‌బ్రూక్స్ ఆస్పత్రిలో ఒక నర్సుకు నీ మాదిరే ఇన్సులిన్. ఆమె పెంచుకున్న మ్యాజిక్ అనే కుక్క, షుగర్ పడిపోతుంటే వాసన పట్టి ఎగిరి ఆమె భుజాల మీద కాళ్లేసేది. డాక్టర్ మార్క్ ఎవాన్స్ వాళ్లు టైప్ 1 షుగరున్న 8 మంది ఆడవాళ్లకు దగ్గరుండి మెల్లగా షుగర్ తగ్గించి ఊపిరి పరీక్షించినారు. ఐసోప్రీన్ అనే వాయువు బాగా పెరిగింది, కొందరిలో దాదాపు రెట్టింపు. 2016లో ఆ సంగతి బయటపెట్టినారు. కుక్క పట్టేది దీన్నేమో అని వాళ్ల అనుమానం. మన ముక్కుకైతే అందదు. షుగర్ మరీ ఎక్కువై నెత్తురులో కీటోన్లనే పదార్థాలు చేరినప్పుడు నోట్లో పండు వాసన వస్తుందే, అది వేరే.

అయితే నాయనా, కండరాలకు పని పడినా ఊపిరిలో ఐసోప్రీన్ పెరుగుతుంది. నువ్వేమో శనివారం ఒక్కపొద్దుండి అలిపిరి మెట్లెక్కేవాడివి! గాలిగోపురం దగ్గర ఊదితే ఆ మెషిన్ ఏం చెప్పాల? షుగర్ పడిపోతే చెమట పట్టి నాకే తెలుస్తుందంటావు. 3,550 మెట్లెక్కేవాడికి ఏ చెమట దేనిదో ఎవరికి తెలుసు? పైగా షుగర్ పాతబడేకొద్దీ ఆ గుర్తులు కొందరికి తెలియకుండానే పోతాయి.

వేలు పొడిచి చూసుకునే మిషనే జేబులో పెట్టుకో. ఎక్కేముందు ఒకసారి, గాలిగోపురం కాడ ఒకసారి. 70 లోపు చూపిస్తే అక్కడే కూర్చుని, 15 గ్రాముల గ్లూకోజ్ నీళ్లలో కలుపుకుని తాగు. 15 నిమిషాలాగి మళ్లీ చూడు. లడ్డూ ఉంది కదా అనొద్దు. నెయ్యి వల్ల చక్కెర నెత్తురులోకి ఆలస్యంగా చేరుతుంది. లడ్డూ తర్వాత తిను, ఎవరొద్దన్నారు? ఒక్కపొద్దు రోజు ఇన్సులిన్ ఎంత తీసుకోవాలో మాత్రం ముందే డాక్టర్ని అడుగు, నీ లెక్కతో నువ్వు తగ్గించుకోవద్దు.

కూడా వచ్చే మామకు ఇది చదివి వినిపించు. నీకు తెలివి తప్పితే నోట్లో ఏమీ పోయకూడదు, పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాల.

నీ కూతురు