కీహోల్ ఆపరేషన్: ఇంటికి వెళ్లిన రోజుతో కోలుకోవడం అయిపోదు

సంపాదకులకు,

క్రాన్స్, అల్సరేటివ్ కొలైటిస్ లాంటి పేగుపూత జబ్బులకు కీహోల్ (చిన్న రంధ్రాల గుండా చేసే) ఆపరేషన్ చేయించుకుంటే ‘మూడు రోజుల్లో ఇంటికి, వారంలో పనికి’ అన్న మాట హోర్డింగుల మీదా, పత్రికల ఆరోగ్య పేజీల్లోనూ తరచూ కనిపిస్తోంది. నాలుగైదు రోజుల్లో ఇంటికి వెళ్లేవాళ్లు చాలామందే ఉన్నారు. వారంలో పనికి అన్నది మాత్రం పేగు కోసి అతికిన మనిషికి వర్తించే మాట కాదు. దాన్ని నమ్మి ఇంటివాళ్లు ఏమరుపాటుగా ఉండిపోతున్నారు.

క్రాన్స్‌లో ఎక్కువగా చేసేది చిన్నపేగు చివరి భాగాన్నీ, పెద్దపేగు మొదలునూ తీసేసి రెండు కొసలనూ అతికే ఆపరేషన్. పొట్ట తెరిచి చేసే ఓపెన్ పద్ధతిలో పొట్ట మధ్యన 15 నుంచి 20 సెంటీమీటర్ల కోత పడుతుంది. కీహోల్‌లో 5 నుంచి 12 మిల్లీమీటర్ల రంధ్రాలు మూడో నాలుగో పెడతారు. కోసిన పేగును బయటికి తీయడానికి బొడ్డు దగ్గర మరో 4–6 సెంటీమీటర్ల కోత తప్పదు. ఈ కోత సంగతి రోగికి ముందే చెబితే కట్టు విప్పిన రోజు కంగారుపడరు. లోపల జరిగే పని రెండింటిలోనూ ఒకటే: అంతే పేగు తీస్తారు, అలాగే అతుకుతారు. మేలంతా పొట్ట గోడకు. అతుకు మానడానికి పట్టే కాలం కోత చిన్నదైనంత మాత్రాన తగ్గదు.

ఆ మేలు తక్కువదేం కాదు. నెదర్లాండ్స్‌లో 60 మంది క్రాన్స్ రోగులతో జరిపిన పరిశీలన ఫలితాలు 2006లో వచ్చాయి. కీహోల్ వాళ్లు ఆసుపత్రిలో 5 రోజులున్నారు, ఓపెన్ వాళ్లు 7 రోజులు. మొదటి నెలలో ఇబ్బందులు వచ్చినవాళ్లు కీహోల్‌లో నూటికి 10 మంది, ఓపెన్‌లో 33 మంది. అయితే మూడు నెలల పాటు రోజువారీ జీవితం ఎలా ఉందని అడిగితే రెండు వర్గాల మధ్యా చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. నొప్పి మాత్రలు తక్కువ పడతాయి, ఊపిరి తొందరగా కుదుటపడుతుంది, కోత దగ్గర హెర్నియా రావడం తక్కువ. జబ్బు తిరగబెట్టడం మాత్రం కోతను బట్టి మారదు.

మేం ముఖ్యంగా చెప్పదలచుకున్నది అతుకు లీక్ గురించి. లీకయితే ఆ సంగతి సాధారణంగా అయిదు నుంచి ఏడో రోజు మధ్య బయటపడుతుంది. ఓపెన్ రోగి అప్పటికింకా వార్డులోనే ఉంటాడు. కీహోల్ రోగి ఇంట్లో ఉంటాడు. వార్డులో నర్సు చూసేది ఇక ఇంటివాళ్లే చూడాలి. మణికట్టు దగ్గర రెండు వేళ్లు పెట్టి నిమిషం పాటు నాడి లెక్కపెట్టండి. ఊరికే పడుకుని ఉన్నా 100 దాటితే, జ్వరం 100.4 డిగ్రీలు దాటితే, తగ్గాల్సిన నొప్పి పెరుగుతుంటే, పొట్ట ఉబ్బి గ్యాస్ పోకపోతే, వాంతులవుతుంటే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. స్టెరాయిడ్ వాడినవాళ్లలో జ్వరం రాకపోవచ్చు, పొట్ట గట్టిపడకపోవచ్చు. వాళ్లలో నాడే ముందు చెబుతుంది. గ్యాస్ పట్టిందని వాము కషాయం, ఇంగువ నీళ్లు ఇచ్చి తెల్లారేదాకా ఆగితే ఆ ఒక్క రాత్రిలోనే చీము పొట్టంతా పాకవచ్చు. భుజం నొప్పి సంగతి వేరు. పొట్టలోకి ఎక్కించిన కార్బన్ డయాక్సైడ్ వల్ల రెండు మూడు రోజులు ఉండి అదే పోతుంది. మూడో రోజో నాలుగో రోజో రక్తంలో సీఆర్‌పీ (లోపలి వాపును చూపే ప్రొటీన్) 150 దాటి ఉంటే డిశ్చార్జి ఆపి మళ్లీ చూడటం మంచిది.

కోత ఏదైనా, కోలుకోవడం ఆపరేషన్‌కు ముందే సగం తేలిపోతుంది. ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ రోజుకు 20 మిల్లీగ్రాములకు మించి ఆరు వారాలు దాటి వాడినవాళ్లు, రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ 3 కన్నా తగ్గినవాళ్లు, ఆరు నెలల్లో బరువులో పదో వంతు పోగొట్టుకున్నవాళ్లు, లోపల చీముగడ్డ ఉన్నవాళ్లు — వీళ్లలో లీకు, ఇన్‌ఫెక్షన్ ఎక్కువ. మన దగ్గర పేగు టీబీ, క్రాన్స్ ఒకదానిలా ఒకటి కనిపిస్తాయి కాబట్టి నెలల తరబడి టీబీ మందులు వాడి, చిక్కి శల్యమయ్యాక సర్జన్ దగ్గరికి చేరేవాళ్లు చాలామంది. వీలుంటే కొన్ని వారాలు పోషణ పెంచి, స్టెరాయిడ్ మెల్లగా తగ్గించి అప్పుడు చేయాలి. స్టెరాయిడ్ సొంతంగా ఆపేస్తే రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. కీహోల్‌తో మొదలుపెట్టి, పేగులు అతుక్కుపోయి ఉన్నందువల్ల ఓపెన్‌కు మారడం వైఫల్యం కాదు.

ఇంటికొచ్చాక పప్పు తింటే చీము పడుతుందని నెల రోజులు బ్రెడ్డు, పాలతో సరిపెట్టే పథ్యం ఇంకా పోలేదు. గాయం మానడానికి కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ కావాలి. అంటే 50 కిలోల మనిషికి కనీసం 60 గ్రాములు. కోడిగుడ్డులో ఉండేది ఆరు గ్రాములే. మెత్తగా ఉడికిన అన్నం, పెసరకట్టు, గుడ్డు, చేప, మజ్జిగ కొద్దికొద్దిగా ఆరుసార్లు పెట్టండి. నీళ్ల బిందె, గ్యాస్ సిలిండర్ కీహోల్ వాళ్లు కనీసం నాలుగు వారాలు, ఓపెన్ వాళ్లు ఆరు నుంచి ఎనిమిది వారాలు ఎత్తకూడదు. మంచం మీంచి నిటారుగా లేవకుండా పక్కకు తిరిగి, కాళ్లు కిందికి వదిలి, మోచేత్తో నొక్కి లేవాలి. దగ్గొస్తే దిండు పొట్టకు అదుముకోవాలి.

అల్సరేటివ్ కొలైటిస్‌లో పెద్దపేగు మొత్తం తీసి చిన్నపేగుతో సంచిలా కుట్టినప్పుడు, తాత్కాలికంగా పొట్ట మీద స్టోమా (పేగును బయటికి తెచ్చి, మలం బయటి సంచిలోకి పోయేలా చేసే ద్వారం) పెడతారు. దాని గుండా రోజుకు 500–800 మిల్లీలీటర్లు రావడం మామూలే. లీటరున్నర దాటితే ప్రమాదం. దాహమని ఉత్త మంచినీళ్లు తాగేకొద్దీ ఉప్పు ఇంకా పోతుంది, కొబ్బరినీళ్లలోనూ సోడియం తక్కువే. లీటరు నీటికి ఒక ఓఆర్‌ఎస్ ప్యాకెట్ కలిపి గుక్కగుక్కగా తాగుతూ డాక్టరుకు చెప్పాలి. స్టోమా ఆరు నుంచి ఎనిమిది వారాల దాకా కుంచించుకుపోతుంది. వారానికోసారి కొలిచి, బేస్‌ప్లేట్ (సంచిని చర్మానికి అతికించే పలక) రంధ్రం దానికన్నా రెండు మూడు మిల్లీమీటర్లే ఎక్కువ కత్తిరించాలి. వదులైతే మలం తగిలి చర్మం ఒరుస్తుంది. ఇంకా పిల్లలు కావాల్సిన ఆడవాళ్లకు ఈ ఆపరేషన్ కీహోల్‌లో చేయడం నిజంగా మేలు. కటి భాగంలో అతుకులు తక్కువ పడి, గర్భం దాల్చే అవకాశం ఎక్కువగా నిలుస్తుంది.

ఆసుపత్రులను మేం కోరేది డిశ్చార్జి కాగితంతో పాటు తెలుగులో ఒక్క పేజీ. నాడి, జ్వరం హద్దులు, రాత్రి కూడా ఎత్తే ఫోన్ నంబరు అందులో ఉండాలి. ఈ జబ్బులో కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు ఎక్కువ కాబట్టి దాన్ని ఆపే హెపారిన్ ఇంజెక్షన్ ఇంట్లో ఎన్ని వారాలో రాయాలి. క్రాన్స్ వాళ్లకు ఎంత పొడవు పేగు తీశారో, బీ12 పరీక్ష ఎప్పుడో, పొగతాగడం ఎందుకు మానాలో, ఆరు నెలలకు చేయించాల్సిన కొలనోస్కోపీ (పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే పరీక్ష) తేదీ ఏదో కూడా ఉండాలి.

– పేగు శస్త్రచికిత్స, స్టోమా సంరక్షణ విభాగాల్లో పనిచేసే వైద్యులు, నర్సులు, హైదరాబాద్