అమ్మకి, భైరవ గురించి

అమ్మా,

నేను బాగానే ఉన్నాను. ఆఫీసు పని ఎప్పటిలాగే ఉంది, చెప్పడానికేం లేదు. ముందు నాన్న మోకాలి సంగతి రాయి. డాక్టరు చెప్పిన వ్యాయామం చేస్తున్నారా, రెండ్రోజులు చేసి మానేశారా? ఆయన్నడిగితే అంతా బాగుందనే అంటారు, అందుకే నిన్ను అడుగుతున్నా.

మొన్న ఫోన్‌లో శనివారం రాత్రిళ్ళు పాచికలాట ఆడుతున్నానని చెప్పగానే నువ్వు మాట్లాడ్డం మానేశావు. అప్పట్నుంచి నాకు ఒకటే టెన్షన్. అది జూదం కాదమ్మా, ఒక్క పైసా పెట్టం. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అని, 1974 నుంచీ ఉన్న ఆట. టేబుల్ చుట్టూ అయిదుగురం కూర్చుని కథ చెప్పుకుంటాం, ఒకామె కథ నడిపిస్తుంది, మిగతా నలుగురికీ తలా ఒక పాత్ర. తలపెట్టిన పని అయ్యిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. నా పాత్ర ఆర్టిఫిసర్, అంటే పనిముట్లతో మంత్రాలు నడిపే మనిషి. అందులోనూ బ్యాటిల్ స్మిత్ అనే రకాన్ని కాబట్టి మూడో లెవెల్‌కి రాగానే ఒక ఇనుప కాపలా జీవిని తయారు చేసుకోవచ్చు. నియమాల్లో దాన్ని స్టీల్ డిఫెండర్ అంటారు, రూపం మనిష్టం. నేను కుక్కని చేసుకున్నాను. పేరు భైరవ. చిన్నోడికి చెప్పు, ఎగిరి గంతేస్తాడు.

దానికి విషం ఎక్కదు, అలసట రాదు, చీకట్లో అరవై అడుగుల దూరం కనిపిస్తుంది, ఏమరుపాటుగా ఉండగా దాన్ని దెబ్బ తీయడం ఎవరివల్లా కాదు. నేను మాట్లాడే భాషలన్నీ అర్థమవుతాయి. ఇవన్నీ సరే గానీ నాకు ప్రాణం లేచొచ్చే విషయం ఇంకొకటుంది. పక్కనున్న వాళ్ళ మీద ఎవరైనా చెయ్యెత్తితే భైరవ అడ్డం పడి ఆ దెబ్బ గురి తప్పేలా చూస్తుంది, రౌండ్‌కి ఒకసారి, అంటే అందరి వంతూ ఒక చుట్టు తిరిగేలోపు ఒకసారి. తన మీదికొచ్చే దెబ్బకి మాత్రం ఆ వీలు లేదు. నియమమే అలా రాశారు. ఎవరు రాశారో గానీ కుక్కని పెంచిన వాళ్ళే అయ్యుంటారు.

మామూలుగా నేను చెప్తేనే దాడి చేస్తుంది, చెప్పకపోతే తప్పుకుంటూ నా కోసం చూస్తుంది. నేను స్పృహలో లేనప్పుడు మాత్రం ఏం చెయ్యాలో అదే తేల్చుకోవచ్చు. పోయిన వారం అదే జరిగింది. ఇద్దరు ఓగర్‌లు, అంటే రాక్షసుల్లాంటి వాళ్ళు, మీద పడితే నా పాత్ర కింద పడిపోయింది. "ఇప్పుడు భైరవ ఏం చేస్తుంది?" అని కథ నడిపే ఆమె అడిగింది. కదలదు, నా దగ్గరే నిలబడుతుంది అన్నాను. ఓగర్ నా మీద గద ఎత్తాడు, భైరవ అడ్డుపడింది, వాడి పాచిక మీద 6 మాత్రమే పడింది. దెబ్బ తగల్లేదు! టేబుల్ మొత్తం అరుపులు. ఆ తర్వాత ఇద్దరూ దాని మీదికే తిరిగారు. అయిదో లెవెల్లో దానికున్నవి 31 ప్రాణం పాయింట్లు, రెండు రౌండ్లలో అయిపోయాయి.

కంగారు పడకు, నా పాత్రకి స్పృహ వచ్చాక దాన్ని బతికించుకున్నాను. పడిన గంటలోపు కమ్మరి పనిముట్లతో దాని పక్కకి చేరి ఒక మంత్రం ఖర్చు పెడితే నిమిషంలో పూర్తి బలంతో లేచి నిలబడుతుంది. ఆటలో నిమిషమంటే పది రౌండ్లు, ఆలోపు పోట్లాట ముగిసిపోయింది. మిగతా ముగ్గురూ దెబ్బలతోనే ఉన్నా ఎవరూ కదల్లేదు, భైరవ లేచేదాకా ఆగుదాం అన్నారు. ఆ రాత్రి గదికొచ్చాక నాకు ఏడుపొచ్చింది. దిగులుతో కాదులే.

ఇక్కడికొచ్చిన కొత్తల్లో శుక్రవారం ఆఫీసులో బై చెప్పాక మళ్ళీ సోమవారం దాకా నాతో మాట్లాడే మనిషి ఉండేది కాదు. నీకు అప్పుడు చెప్పలేదు. ఇప్పుడు నేను పది నిమిషాలు ఆలస్యమైతే ఫోన్ చేసి ఎక్కడున్నావని అడిగే వాళ్ళు నలుగురున్నారు. ఈ వయసులో ఆటలేంటని పిన్ని అంటే అననీ. నువ్వు మాత్రం అనకు.

దుప్పటి కప్పుకునే పడుకుంటున్నాను, దగ్గు తగ్గింది.

శనివారం రాత్రి మీరు ఫోన్ చేస్తే ఎత్తలేను, ఆదివారం పొద్దున నేనే చేస్తా. చిన్నోణ్ణి పరీక్షలయ్యాక భైరవ బొమ్మ గీసి పంపమను, టేబుల్ మీద పెట్టుకుంటాం. నాలుగు కాళ్ళు, తోక ఉండాలి, మిగతాదంతా వాడిష్టం.

నీ
పెద్దది