గోడ మీద గీత ఉండనివ్వండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. మీ ఆదివారం అనుబంధంలో అమెరికా అపలేచియన్ కొండల్లోని చిన్న ఊళ్ల మీద వేసిన వ్యాసం చదివాను. హార్పర్స్ ఫెర్రీకి మూడు పేరాలిచ్చారు, ఫొటో కూడా బాగుంది, కానీ అందులో ఒక తప్పుంది, ఒక పెద్ద వెలితి కూడా ఉంది. తప్పు సంగతి ముందు చెప్పేస్తాను. 1859లో, బానిసత్వాన్ని ఎదిరించిన జాన్ బ్రౌన్ చేసిన దాడి "వెస్ట్ వర్జీనియాలో" జరిగిందని రాశారు. అప్పటికి ఆ రాష్ట్రమే లేదండీ. ఆ ఊరు అప్పుడు వర్జీనియాలో ఉంది, వెస్ట్ వర్జీనియా విడిపోయి రాష్ట్రమైంది 1863 జూన్ 20న. మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పటి సంగతి ఎవరైనా "ఆంధ్రప్రదేశ్‌లో జరిగింది" అని రాస్తే ఊరుకుంటామా?

ఇక వెలితి గురించే ఈ ఉత్తరం. ఆ ఊరి గురించి అంత రాసి, వరదల మాట ఒక్క ముక్క కూడా ఎత్తలేదు మీ రచయిత.

నేను ఆ ఊరు చూశాను. 2023 వేసవిలో మా అమ్మాయి దగ్గరికి వర్జీనియా వెళ్లినప్పుడు, ఇంట్లో కూర్చుని విసుగొస్తోందని సణుగుతుంటే మా అల్లుడు ఒక శనివారం కారెక్కించి తీసుకెళ్లాడు. కారు కొండ మీదే ఆపేసి అక్కణ్ణుంచి పార్కు వాళ్ల బస్సులో కిందికి దిగాలి. దిగి నాలుగడుగులు వేస్తే ఎడమవైపు పొటోమాక్ నది, కుడివైపు షెనాండోవా, రెండూ కలిసేచోట ముక్కులాంటి నేల. ఎదురుగా రెండు కొండల మధ్య సందు, ఆ సందులోంచి నీళ్లు, నీళ్ల మీద రైలు వంతెన. అటు ఒడ్డున కొండ మేరీలాండ్‌ది, కుడి ఒడ్డున కొండ వర్జీనియాది, మనం నిలబడ్డది వెస్ట్ వర్జీనియా. ఒక్కచోట నిలబడి మూడు రాష్ట్రాలు చూడొచ్చు. నాకైతే సీతానగరం ఒడ్డున నిలబడి ఇంద్రకీలాద్రి వైపు చూస్తున్నట్టే అనిపించింది, గుడి గోపురం ఒక్కటే తక్కువ.

మా నాయనమ్మ చెప్పేది, కృష్ణమ్మకి కొండ అడ్డమొస్తే బెజ్జం పడి దారి వచ్చిందని, ఆ బెజ్జంవాడే బెజవాడ అయిందని. తమాషా ఏమిటంటే 1783లో థామస్ జెఫర్సన్ అక్కడ బండ మీద నిలబడి చూసి అచ్చం ఇలాంటి మాటే రాసుకున్నాడు, వెనక నీళ్లన్నీ సముద్రంలా పోగుపడి చివరికి కొండను చీల్చుకుని బయటపడ్డాయని. అమెరికాకు తర్వాత అధ్యక్షుడైన అంత చదువుకున్నాయనకీ, సంతకం రాని మా నాయనమ్మకీ ఒకే ఊహ తట్టింది. నిజానికి ఒక్క దెబ్బకి కొండ చీలదు, నది యుగాలపాటు కోసుకుంటూ పోవాలి. ఆ దృశ్యం చూడటానికి అట్లాంటిక్ సముద్రం దాటి వచ్చినా దండగ కాదని కూడా ఆయన రాశాడు. నేను దాటే వెళ్లాను, టికెట్ మా అమ్మాయి కొన్నది కాబట్టి దండగా కాదా అన్న ప్రశ్నే రాలేదు.

ఊరు పుట్టింది పడవ వల్ల. రాబర్ట్ హార్పర్ అనే ఆయన 1747లో ఆ స్థలం కొనుక్కుని రేవు నడిపాడు, ఊరి పేరు అదే, హార్పర్ గారి రేవు. తర్వాత జార్జ్ వాషింగ్టన్ కన్ను దాని మీద పడింది. నీళ్ల ఉరవడితో చక్రాలు తిప్పొచ్చు, చుట్టుపక్కల ఇనుము దొరుకుతుంది, అడవి ఉంది కాబట్టి బొగ్గుకి లోటు లేదు, ఇంకేం, ప్రభుత్వ తుపాకుల ఫ్యాక్టరీ అక్కడే పెట్టారు. 1861లో అంతర్యుద్ధం మొదలయ్యే నాటికి అక్కడ ఆరు లక్షల పైచిలుకు తుపాకులు తయారయ్యాయి. ఆ తుపాకుల కోసమే జాన్ బ్రౌన్ 1859 అక్టోబర్ 16 రాత్రి 21 మందితో వచ్చాడు, బానిసల చేతికి ఆయుధాలివ్వాలని. చివరికి ఫైరింజన్ షెడ్డులో చిక్కుకుపోయి, డిసెంబర్ 2న ఉరికంబం ఎక్కాడు. ఆ దాడిలో మొదట చనిపోయింది బానిస కాని, స్వేచ్ఛగా బతుకుతున్న ఒక నల్లజాతి రైల్వే పోర్టర్ కావడం మాత్రం నాకిప్పటికీ మింగుడుపడదు. 1906లో, నల్లజాతి వాళ్ల హక్కుల కోసం పోరాడిన డుబాయ్స్ వాళ్లు సభ పెట్టుకున్నప్పుడు ఆ షెడ్డు దగ్గరికి తెల్లవారుజామున చెప్పులు విప్పి నడిచి వెళ్లారట. అక్కడి బోర్డు మా మనవడు చదివి చెబుతుంటే నా చెయ్యి దానంతటదే నా బూట్ల మీదికి పోయింది. ఆ షెడ్డుకి కాళ్లున్నాయేమో అన్నంత చరిత్ర ఉంది, విప్పి చికాగో ఎగ్జిబిషన్‌కి తీసుకెళ్లారు, మళ్లీ తెచ్చారు, ఊరి చుట్టుపక్కలే చోటు మీద చోటు మార్చారు. ఇప్పుడు అసలు చోటుకి దగ్గర్లోనే ఉంది, అసలు చోటు రైలు కట్ట కింద కప్పబడిపోయింది.

ఒక పక్క కాలువ, ఒక పక్క రైలు. ఈ రెండూ 1828 జూలై 4న, ఒకే రోజున మొదలెట్టి పోటీ పడ్డాయి. కాలువ మీద పడవలు, వాటిని గట్టు మీంచి లాగే కంచర గాడిదలు. రైలు గెలిచింది, మన ఏలూరు కాలువ పడవల్ని రైలూ లారీలూ మింగేసినట్టే. మిగిలిన ప్రాణం 1924 వరద తీసేసింది, ఆ తర్వాత పడవలు తిరగలేదు.

ఇంకాసేపట్లో అసలు సంగతికి వస్తాను, విసుక్కోకండి. నేను నీటి పనుల్లో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా ముప్పై ఏళ్లు చేసి రిటైరైనవాణ్ణి. లాకుల దగ్గర నీటిమట్టం చూపించే గేజి రాళ్ల మీద అంకెలు చూడటం నాకు అలవాటు, పెళ్లికెళ్లినా పక్కన కాలువుంటే గేజి చూసే వస్తాను. ఆ ఊళ్లో కింది వీధిలో ఒక పాత ఇంటి గోడ పక్కన మావాళ్లంతా ఐస్‌క్రీం తింటుంటే నేను మాత్రం గోడకే అంటుకుపోయాను. ఆ గోడ మీద ఒకదాని మీద ఒకటి చిన్న చిన్న గుర్తులు, ఒక్కోదాని పక్కన ఒక్కో సంవత్సరం. 1972, 1985, 1996 కింద ఉన్నాయి. వాటి పైన 1942. దానిపైన 1889. అన్నింటికన్నా పైన, నేను మెడ వెనక్కి వంచితే తప్ప కనపడనంత ఎత్తున, 1936.

1936 మార్చిలో మంచు కరిగి, దానికి వాన తోడై నది గేజి మీద 36.5 అడుగులకొచ్చింది. అక్కడ 18 అడుగులు దాటితేనే వరద కింద లెక్క. రెండు నదుల మీది రోడ్డు వంతెనలూ ఆ ఒక్క దెబ్బకే కొట్టుకుపోయాయి. చాలామంది ఊరొదిలి పోయారు, మిగిలిన కింది వీధుల్ని 1944 నుంచి ప్రభుత్వం చారిత్రక స్థలంగా చూసుకుంటోంది. ఇప్పుడు ఊరి జనం మూడొందలు కూడా ఉండరు.

కానీ జనాన్ని ఎక్కువగా చంపింది 1936 కాదు, పెద్ద నది కూడా కాదు. 1870లో షెనాండోవా పొంగింది. రెండింట్లో చిన్నది అదే. దాని ఒడ్డున వర్జీనియస్ ఐలాండ్ అని ఒక లంక ఉండేది, పిండి మిల్లులు, పనివాళ్ల ఇళ్లు. నలభైమందికి పైగా పోయారు. ఇప్పుడు వెళ్తే చెట్ల మధ్య పునాది రాళ్లు, నీళ్లు పారిన తూములు కనపడతాయి, అంతే. అందరూ పొటోమాక్ వైపు చూస్తుంటే చంపింది పక్కనున్న చిన్నది.

ఈ మాట 2023లో విన్నప్పుడు అబ్బో అనుకుని మర్చిపోయాను. 2024 సెప్టెంబర్ 1, ఆదివారం, సింగ్ నగర్‌లో మా ఇంట్లో మోకాలి లోతు నీళ్లలో నిలబడ్డప్పుడు గుర్తొచ్చింది. టీవీలన్నీ ప్రకాశం బ్యారేజీ చూపిస్తున్నాయి, మర్నాటికి 11.43 లక్షల క్యూసెక్కులు, 2009 నాటి 11.10 లక్షల రికార్డు పోయింది, పడవలొచ్చి గేట్ల దగ్గర కొట్టుకున్నాయి. అదంతా నిజమే. కానీ మా ఇంట్లోకి వచ్చింది కృష్ణమ్మ కాదు, బుడమేరు. మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరులో కలిసే వాగు. దాన్ని వెలగలేరు దగ్గర మళ్లించి డైవర్షన్ కాలువ ద్వారా కృష్ణలోకి పంపాలని ఏర్పాటు, మరి కృష్ణే నిండుగా ఉంటే అది ఎక్కడికి పోతుంది? గట్టుకి గండ్లు పడ్డాయి. ఆ గండ్లు పూడ్చడానికి సెప్టెంబర్ 7 దాకా పట్టింది, ఆఖరికి ఆర్మీ వాళ్లు కూడా రావాల్సొచ్చింది. మేడ మీద కూర్చుని డ్రోన్ ఎప్పుడు పొట్లం పడేస్తుందా అని మేం ఆకాశం వైపు చూసిన రోజులవి. బ్యారేజీ దగ్గర ఒక్క క్యూసెక్కు తేడాతో లెక్క రాసుకుంటారు, మా వీధిలోకి ఎన్ని అడుగులొచ్చాయన్నది మాత్రం ఎవరి పుస్తకంలోనూ లేదు.

నీళ్లు తీశాక గోడలన్నింటి మీదా గోధుమరంగు గీత ఉంది. మనిషెత్తు కాకపోయినా మా ఆవిడ ఎత్తు. దేవుడి పటాల వరస సరిగ్గా ఆ గీత మీదే ఉంది, వెంకటేశ్వర స్వామి పాదాలు తడిశాయి, పక్కనే కిందుగా ఉన్న మా నాన్న ఫొటో ఉబ్బిపోయింది. బీరువాలో పట్టు చీరల సంగతి అడక్కండి. నేను టేపు తీసి కొలిచాను, వాకిలి మెట్టు నుంచి 4 అడుగుల 11 అంగుళాలు. రోడ్డు నుంచి కొలవలేదు, ఎందుకంటే మా రోడ్డు సిమెంటు వేసినప్పుడల్లా పైకి లేస్తుంది, ఇల్లు దిగిపోతుంది, రోడ్డు కొలత నమ్మితే పదేళ్లకి వరద తగ్గిపోయినట్టు కనపడుతుంది.

దీపావళి నాటికి వీధిలో సగం ఇళ్లకి రంగులు వేయించేశారు. ఎవరి బాధ వాళ్లది, తప్పనను. సంక్రాంతికల్లా ఎక్కడా గీత లేదు. అసలు కథ ఆ తర్వాత. మా వెనక వీధిలో ఒక పోర్షన్‌కి అద్దెకొచ్చిన కుర్రాడు, భార్య, చంటిపిల్ల. బ్రోకర్ ఏం చెప్పాడని అడిగాను. "ఈ వీధిలోకి నీళ్లు రాలేదండీ, పక్క వీధి దాకా వచ్చి ఆగాయి అన్నాడు అంకుల్" అన్నాడా అబ్బాయి. ఆ పోర్షన్ లోపల స్విచ్ బోర్డు విప్పి చూడమన్నాను. బురద ఎండి ఇంకా అందులోనే ఉంది. అడ్వాన్సు ఇచ్చేశాడు, ఏం చేస్తాడు, అటక మీదికి ఏమేం ఎక్కించాలో చెప్పి వచ్చాను.

ఆ రోజే నేను మా గేటు పక్కన కాంపౌండు గోడ మీద ఎర్ర పెయింటుతో గీత గీసి 1-9-2024 అని రాశాను. మర్నాడు పొద్దున్నే పక్కింటాయన వచ్చాడు. "బాబాయ్ గారూ, మా పక్క ఇల్లు అమ్మకానికి పెట్టాం, ఆ గీత ఏంటండీ, వచ్చినవాళ్లు గేటు దగ్గరే వెనక్కి పోతున్నారు" అన్నాడు. ఆయన చెప్పింది అబద్ధం కాదు, గజం రేటు పడిపోతుంది. నాకూ ఇల్లుంది, నా ఇంటి రేటూ పడిపోతుంది. కానీ రేటు కోసం గీత చెరిపేస్తే నీళ్లు మానేస్తాయా? 2005లో కూడా బుడమేరు పొంగింది, అప్పటి గీతలు ఇప్పుడెక్కడున్నాయి? ఒక్కటి గోడ మీద ఉండుంటే నేను బీరువా కింద నాలుగు ఇటుకలైనా పెట్టుకునేవాణ్ణి, మా నాన్న ఫొటో పైన తగిలించుకునేవాణ్ణి.

హార్పర్స్ ఫెర్రీలో ఆ గోడ దాచుకోలేదు. టూరిస్టులు దాని ముందు ఫొటోలు దిగుతున్నారు. అక్కడ ఊరంతా పార్కు అయిపోయింది కాబట్టి రేటు బాధ లేదు అంటారా, ఒప్పుకుంటాను, మాకు ఆ సౌకర్యం లేదు. అందుకే ఇంటి గోడలు వద్దు. స్కూలు గోడ, రేషన్ షాపు గోడ, ఫ్లైఓవర్ స్తంభాలు, గుడి, మసీదు, చర్చి, ఎవరి సొంతం కానివి బోలెడున్నాయి. వాటిమీద గీత, తారీఖు, సముద్రమట్టం నుంచి ఎత్తు. లెవెల్ తీయడానికి, అంటే ఎత్తు కొలవడానికి ఒక మనిషి, స్టాఫ్ అనే కొలకర్ర పట్టుకోవడానికి ఇంకో మనిషి, ఒక డబ్బా పెయింటు. నేను లెవెల్ తీస్తాను, కూలీ అక్కర్లేదు.

మీ పత్రిక చేయగలిగింది ఒకటుంది. జిల్లా పేజీలో ఒక మూల, ఆనాడు ఎవరింట్లో ఎంత ఎత్తు నీళ్లొచ్చాయో కొలిచి పంపమని పాఠకుల్ని అడగండి. మెట్టు నుంచి కొలవమని చెప్పండి, రోడ్డు నుంచి వద్దు. రంగులు వేసేసిన ఇళ్లలో మీటర్ బాక్సు లోపల, మంచం కోళ్ల మీద, ఫ్రిజ్ వెనకాల ఇంకా జాడ ఉంటుంది. నేను ఇప్పటికి మా చుట్టుపక్కల పద్నాలుగు ఇళ్లవి నోటు పుస్తకంలో రాసి పెట్టాను. మీ విలేకరి ఎవరైనా వస్తే ఇస్తాను, పొద్దున పది లోపు రమ్మనండి, ఆ తర్వాత టీ కొట్టు దగ్గర ఉంటాను. గేటు మీద పేరు లేదు, ఎర్ర గీత చూసి తలుపు కొట్టమనండి. పక్కింటాయన ఇల్లు అమ్ముడయ్యేదాకా దాని మీద క్యాలెండరు కప్పుకోమని ఒప్పుకున్నాను, కాబట్టి క్యాలెండరు ఉంటే ఒకసారి ఎత్తి చూడమనండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ వర్క్ ఇన్‌స్పెక్టర్,
అజిత్ సింగ్ నగర్, విజయవాడ