మన అధ్యయన మండలి వార్షిక నివేదిక, 2023–24

సభ్యులందరికీ నమస్కారం.

2023 ఏప్రిల్ నుంచి 2024 మార్చి వరకు మండలి చేసిన పనిని సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాను. కార్యదర్శి నివేదిక రెండు పేజీలు దాటొద్దని మనమే అనుకున్నాం. ఈ ఏడాది అది నావల్ల కాలేదు. ఎన్ని సమావేశాలు జరిగాయి, ఎందరొచ్చారు, ఎంత ఖర్చయింది అని చెప్పి ఊరుకుంటే అసలు జరిగింది చెప్పినట్టు కాదు.

కొత్తగా చేరినవాళ్ల కోసం ముందుగా ఒక మాట. మనది భజన మండలి కాదు, సర్వమత ప్రార్థనల సంఘం కాదు, హేతువాద సంఘమూ కాదు. మనలో నిత్యపూజ చేసేవాళ్లున్నారు, ఐదు పూటలా నమాజు చదివేవాళ్లున్నారు, ఆదివారం ఫాతిమానగర్ చర్చికి పోయేవాళ్లున్నారు, దేవుడు లేడని గట్టిగా చెప్పేవాళ్లూ ఉన్నారు. మనుషులు దేన్ని నమ్ముతారు, ఎలా నమ్ముతారు, ఆ నమ్మకం వాళ్ల బతుకులో ఏం చేస్తుంది అన్నది ఓపిగ్గా తెలుసుకోవడమే మన పని. నిజమా అబద్ధమా అని తేల్చడం మన పని కాదు. వినడానికి ఇది తేలికగానే ఉంటుంది. ఎంత కష్టమో ఈ ఏడాది తెలిసింది.

ఏడాదిలో మొదటి మూడు నెలలు చదువుకే పెట్టుకున్నాం. మతాల తులనాత్మక అధ్యయనం అనగానే అందరూ మాక్స్ ముల్లర్‌తో మొదలుపెడతారు. 1870లో లండన్‌లో ఆయన చేసిన ఉపన్యాసాల్లో, ఒక్క మతమే తెలిసినవాడికి ఏ మతమూ తెలియనట్టే అన్నాడు. ఆ మాట మీద మనకు గౌరవముంది. అయితే ఈ పని ఆయనతో మొదలైందనుకోవద్దని పెద్దలు పట్టుబట్టడంతో ముందుగా మన దగ్గరి గ్రంథాలే తీశాం. 8వ శతాబ్దపు జైనాచార్యుడు హరిభద్రుడు తన ‘షడ్దర్శన సముచ్చయం’లో బౌద్ధం, న్యాయం, సాంఖ్యం, జైనం, వైశేషికం, మీమాంస ఒక్కొక్కటి ఏం చెబుతాయో వరసగా చెప్పి, చివర లోకాయతానికీ చోటిచ్చాడు. 14వ శతాబ్దపు ‘సర్వదర్శన సంగ్రహం’ చార్వాకంతో మొదలై 16 దర్శనాలను వివరిస్తుంది. ఎదుటివాడి వాదాన్ని వాడు ఒప్పుకునేటట్టు ముందు చెప్పాలి, ఆ తర్వాతే జవాబివ్వాలి. దీనికి మనకున్న పాత పేరు పూర్వపక్షం. మే నెల సమావేశంలో ఒక సభ్యురాలు అన్న మాట మినిట్స్‌లో ఉంది: “మనం పూర్వపక్షం దగ్గరే ఆగుదాం. సిద్ధాంతం ఎవరింటికి వాళ్లు పోయి చేసుకుంటారు.” సిద్ధాంతం అంటే చివరగా తేల్చి చెప్పే మాట. ఏడాది పొడుగునా మనం పెట్టుకున్న నియమం ఇదే.

ఆ తర్వాత అమెరికా తత్వవేత్త విలియం జేమ్స్ ఎడిన్‌బరోలో ఇచ్చిన ఉపన్యాసాలు చదివాం. 1902లో పుస్తకంగా వచ్చాయి. ఆధ్యాత్మిక అనుభవానికి ఆయన నాలుగు గుర్తులు చెప్పాడు. మాటలకు అందదు. ఏదో తెలిసిందన్న గట్టి భావన ఉంటుంది. కొద్దిసేపే నిలుస్తుంది. మనిషి వశంలో ఉండదు. ఈ నాలుగూ ఒక కాగితం మీద రాసుకుని ఊళ్లకు పోయాం. వాటికి ఏమైందో కింద చెబుతాను.

మొదటి నడక మన హనుమకొండలోనే, పద్మాక్షి గుట్టకు. బతుకమ్మలప్పుడు ఆ గుట్ట కింద ఎంతమంది ఆడవాళ్లు ఆడతారో మనందరికీ తెలుసు. కాకతీయ రెండో ప్రోలరాజు మంత్రి బేతన భార్య మైలమ అక్కడ కడలాలయ బసదిని, అంటే జైన ఆలయాన్ని, కట్టించినట్టు 1117 నాటి శాసనం చెబుతుంది. రాతి మీద తీర్థంకరులున్నారు, గుడిలో అమ్మవారున్నారు. దీనిమీద మన మధ్య పెద్ద వాదనే జరిగింది. జైనుల గుడిని ఆక్రమించారని కొందరు, జనం తమ అమ్మను అక్కడ చూసుకున్నారని కొందరు. ‘ఆక్రమణ’, ‘కలయిక’ అన్న రెండు మాటలూ రాతి మీద లేవు, మనం తెచ్చి పెడుతున్నవే. మరోపక్క ఈ నేల మీద అంతా సామరస్యమే అన్నా తప్పే. శైవ కవి పాల్కురికి సోమన బసవపురాణంలో జైనుల పట్ల ఉన్న కోపాన్ని జూన్ సమావేశంలో చదివినప్పుడు కొందరికి ఇబ్బందిగా అనిపించింది. అయినా దాటేయకుండా చదివాం. అది మంచి పని అని నా అభిప్రాయం.

జూలై చివర్లో పీర్ల పండుగ వచ్చింది. మనవాళ్లు నాలుగు జట్లుగా నాలుగు ఊళ్లకు పోయారు. 680లో కర్బలాలో అమరుడైన ఇమాం హుసేన్ కోసం మన ఊళ్లలో అలావ అనే గుండం తవ్వి, ఆ నిప్పుల చుట్టూ అసోయ్ దూలా అంటూ ఆడతారు. పీర్లకు కుడుకలు, మలీద ముద్దలు ఇస్తారు. పీరు ఎత్తుకునేవాళ్లలో హిందువులూ ఉంటారు. సెప్టెంబరులో కాజీపేటలో అఫ్జల్ బియాబానీ దర్గా ఉర్సుకు, అంటే ఆ సూఫీ వర్ధంతి ఉత్సవానికి, పోయాం. బియాబాన్ అంటే మనిషి జాడ లేని అడవి అని ఉర్దూ తెలిసిన పెద్దాయన చెప్పారు. ఎన్నో ఏళ్లుగా ఆ పేరు వింటున్నా మాలో చాలామందికి ఆ అర్థం తెలియదు.

పర్వతగిరి వైపు అన్నారం షరీఫ్‌లో యాకూబ్ షావలి దర్గా ఉంది. ఆ చుట్టుపక్కల హిందూ ఇళ్లలో యాకయ్య, యాకమ్మ, యాకూబ్ రెడ్డి అన్న పేర్లు మామూలు. పిల్లలు పుట్టాలని మొక్కుకుని, పుట్టాక ఆ పేరు పెట్టుకుంటారు. విల్ఫ్రెడ్ కాంట్‌వెల్ స్మిత్ అనే పండితుడు 1960ల్లోనే, మతం అంటే గిరి గీసి పెట్టిన వస్తువు అనుకోవడం చాలా ఇటీవలి అలవాటు అని రాశాడు. ఆ పుస్తకం చదివితే అర్థం కావడానికి మాకు రెండు సమావేశాలు పట్టింది. యాకమ్మ అన్న పేరు వినగానే ఐదు నిమిషాల్లో అర్థమైంది. దర్గాకు పోయేటప్పుడు ఆమె ఒక మతం నుంచి ఇంకో మతంలోకి పోవడం లేదు, అన్నారం పోతున్నది, అంతే.

జనవరిలో ఐనవోలు మల్లన్న జాతరకు పోయాం. ఈ ఏడాదిలో నా మనసులో ఎక్కువగా నిలిచింది ఇదే. తప్పు చేసిందీ ఇక్కడే. ఒగ్గు పూజారులు పసుపు, కుంకుమ, బియ్యప్పిండి రంగులతో పట్నం అనే పెద్ద ముగ్గు వేసి కథ చెబుతుంటే ఒక పెద్దామె మీదికి దేవుడు వచ్చి శిగమూగింది. మన సభ్యుడొకరు ఫోన్‌లో వీడియో తీసి అక్కడికక్కడే మన వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ఎవరినీ అడగలేదు. కొద్దిసేపటికి ఆమె కొడుకు మా దగ్గరికి వచ్చి, “మా అవ్వ మీదికి దేవుడొస్తె మీకు సినిమ లెక్క కనబడ్తాందా?” అన్నాడు. మా దగ్గర జవాబు లేదు. వీడియో తీసేయించాం. మరుసటి వారం ముగ్గురం వాళ్ల ఊరికి పోయి క్షమించమని అడిగాం.

ఆ తల్లి మమ్మల్ని కూర్చోబెట్టి చాయ్ పోసింది. ఆ రోజు ఏం జరిగిందో చెప్పమని మేం అడగలేదు. ఆమే అన్నది: “నేనేం మాట్లాడిన్నో నాకు యాదికి లేదు బిడ్డా. మీరు చూసిండ్రు గద, మీరే చెప్పుండ్రి.”

జేమ్స్ కాగితం ఆ రోజు నా జేబులోనే ఉంది. వశంలో లేకపోవడం, కొద్దిసేపే నిలవడం అన్న రెండు గుర్తులు ఆమె విషయంలో సరిపోయాయి. మాటలకు అందకపోవడం సరిపోలేదు. శిగంలో ఆమె ఆగకుండా మాట్లాడింది. పంట గురించి, కోడలి ఆరోగ్యం గురించి, కట్టని మొక్కు గురించి చెప్పింది. ఇక ‘తెలిసిందన్న భావన’ ఎవరిది? ఆమెకు గుర్తే లేదు. తెలిసింది చుట్టూ నిలబడి విన్నవాళ్లకు. ఆ మాటలు పట్టుకుని ఇంటికి పోయి మొక్కు తీర్చుకునేది వాళ్లు. అనుభవం ఒక్క మనిషి లోపల జరిగేదని జేమ్స్ అనుకున్నాడు. ఐనవోలులో అది ఒక ఇంటి మీద, ఒక వాడ మీద పరుచుకుని ఉంది. జేమ్స్ తప్పు చెప్పాడని నేను అనను. ఒంటరిగా ధ్యానించేవాళ్ల రాతలు చదివి ఆయన ఆ గుర్తులు పెట్టాడు. మన దగ్గర అడిగి ఉంటే జాబితా వేరేగా ఉండేది.

ఈ సంఘటన తర్వాత కార్యవర్గం ఒక తీర్మానం చేసింది. శిగం, పూనకం, జిక్ర్ (సూఫీల నామస్మరణ), ప్రార్థన, ఏదైనా సరే, ఆ మనిషినీ ఇంటివాళ్లనూ ముందే అడగకుండా ఫొటో, వీడియో, ఆడియో తీయకూడదు. అడగడానికి వీలులేని స్థితిలో ఉంటే తీయనే కూడదు. ఈ తీర్మానాన్ని సర్వసభ్య సమావేశం ఆమోదించాలని కోరుతున్నాను.

ఫిబ్రవరి 21 నుంచి 24 వరకు మేడారం. ఈసారి నాలుగు రోజులూ ఉన్నాం. మొదటిరోజు కన్నెపల్లి నుంచి సారలమ్మ, కొండాయి నుంచి గోవిందరాజు, పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజు గద్దెలకు చేరారు. రెండోరోజు చిలకలగుట్ట మీది నుంచి కోయ పూజారులైన వడ్డెలు సమ్మక్కను కుంకుమ భరిణె రూపంలో తెచ్చారు. విగ్రహం లేదు. ఎదురుకోళ్లు ఎగరేస్తూ, తుపాకీ పేలుతుండగా, ఆ భరిణె గుట్ట దిగుతున్నప్పుడు జనంలో లేచిన ఊపును మాటల్లో పెట్టడం నావల్ల కాదు. 1912లో సమాజశాస్త్రవేత్త ఎమిల్ దుర్ఖైమ్ దీన్ని సామూహిక ఉద్వేగం అన్నాడు. జనం ఒక్కచోట చేరినప్పుడు వాళ్లలో పుట్టే శక్తినే వాళ్లు దైవంగా గుర్తిస్తారని ఆయన వాదం. గుట్ట కింద నిలబడితే అది నిజమే అనిపిస్తుంది. కానీ మూడోరోజు నిలువెత్తు బంగారం (అక్కడ బంగారమంటే బెల్లమే) తూచుకుని, ఆ గంప నెత్తిన పెట్టుకుని గంటలకొద్దీ లైన్లో నిలబడ్డవాళ్లతో మాట్లాడితే, ప్రతి ఒక్కరిదీ సొంత లెక్క. కొడుకు ప్రాణం, బిడ్డ పెళ్లి, ఎండిన బోరు. మొక్కును బేరం అని చిన్నచూపు చూసే పుస్తకాలు ఉన్నాయి. నేను ఒప్పుకోను. ఇచ్చిన మాట నిలబెట్టుకోవడానికి అంత దూరం వచ్చేది మాట మీద గౌరవమున్న మనిషే.

మేడారంలో ఇంకో విషయం కొట్టొచ్చినట్టు కనిపించింది. హనుమకొండలో మనకు కాకతీయులు గర్వకారణం. రుద్రదేవుడు 1163లో శివుడికి, విష్ణువుకు, సూర్యుడికి కలిపి కట్టించిన వేయిస్తంభాల గుడిని బంధువులకు మనమే తీసుకుపోయి చూపిస్తాం. మేడారం కథలో మాత్రం కప్పం కోసం కోయల మీదికి సైన్యాన్ని పంపినవాడు కాకతీయ రాజే. అక్కడి వాగుకు సమ్మక్క కొడుకు జంపన్న పేరు ఆ యుద్ధంలోనే వచ్చిందంటారు. ఒక్కరోజు ప్రయాణం లోపల రెండు జ్ఞాపకాలు. ఒకటి శాసనంలో ఉంది, ఇంకొకటి గద్దె మీద ఉంది. శాసనం ఉన్నదే చరిత్ర అనుకునే అలవాటు మన మండలిలో బలంగా ఉంది, నాతో సహా.

మార్చిలో ఏడాదంతా తెచ్చుకున్న నోట్సు ముందు పెట్టుకుని చివరి చర్చ చేశాం. దారులు వేరైనా గమ్యం ఒక్కటేనా? రచయిత ఆల్డస్ హక్స్‌లీ 1945లో అవుననే రాశాడు. 1978లో స్టీవెన్ కాట్జ్ అనే పండితుడు కాదన్నాడు. సంప్రదాయం నేర్పిన భాష, ఎదురుచూపు అనుభవంలోనే కలిసిపోయి ఉంటాయని, వాటిని తీసేస్తే మిగిలే ‘శుద్ధ అనుభవం’ ఏదీ లేదని ఆయన వాదన. ఉర్సు ఖవ్వాలీలో కళ్లు మూసుకున్న పెద్దాయన, శిగమూగిన తల్లి ఒకే చోటికి పోయారా? ఎవరి మాట వాళ్లదిగానే చర్చ ముగిసింది. నేను కాట్జ్ వైపు మొగ్గుతాను. ఆ తల్లి మీదికి వచ్చింది మల్లన్న. ‘ఏదో దైవశక్తి’ అని రాస్తే ఆమె చెప్పింది రాసినట్టు కాదు.

మిగతా విషయాలు క్లుప్తంగా. నెలనెలా జరగాల్సిన సమావేశాల్లో వానల వల్ల ఒకటి, ఎన్నికల డ్యూటీల వల్ల ఒకటి జరగలేదు. లెక్కల పత్రం కోశాధికారి విడిగా ఇచ్చారు, చూసుకోగలరు. ప్రయాణ ఖర్చులు ఎవరివి వాళ్లే పెట్టుకున్నారు. అందుకే మండలి మీద అప్పు లేదు. తీసుకుపోయిన పుస్తకాలు తిరిగి ఇవ్వనివాళ్లు దయచేసి ఇవ్వండి, కొత్తవాళ్లు ఎదురుచూస్తున్నారు. యువ సభ్యులు తక్కువైపోతున్నారు. నాకు నిజంగా టెన్షన్‌గా ఉన్న విషయం ఇది.

వచ్చే ఏడాది పెద్దపల్లి జిల్లా ధూళికట్ట బౌద్ధ స్తూపం, కేస్లాపూర్ నాగోబా జాతర అనుకుంటున్నాం. నాగోబాకు పోయేముందు, ఆదిలాబాద్ గోండుల మధ్య ఉండి వాళ్ల దేవతల గురించి రాసిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ 1948 నాటి పుస్తకం చదువుదాం. ఆయన, భార్య బెట్టీ సమాధులు మార్లవాయిలో ఉన్నాయి. దారిలో అక్కడ ఆగుదామని కొందరు అడిగారు, తప్పకుండా ఆగుదాం.

ఐనవోలులో ఒగ్గు పూజారి అనుమతితో రాసుకున్న మల్లన్న కథ రాతప్రతి సిద్ధమైంది. సభ్యులకు ప్రతులు ఎప్పుడిస్తారని చాలామంది అడుగుతున్నారు. వచ్చే నెల ఆయన ఇంటికి పోయి, మొత్తం చదివి వినిపించి, ఆయన వద్దన్నవి తీసేసి, మొదటి ప్రతి ఆయనకే ఇస్తాం. మన ప్రతులు ఆ తర్వాతే.

ఇట్లు,
కార్యదర్శి
హనుమకొండ