వార్షిక నివేదిక: మన వివరాల నిర్వహణకు దశలవారీ ప్రణాళిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది సంఘం కార్యక్రమాలు ఎప్పటిలాగే సాగాయి. జమాఖర్చులు విడిగా అందజేస్తున్నాం. ఈ నివేదికలో ఎక్కువ చోటు డేటా గవర్నెన్స్ (ఏ వివరాలు ఎక్కడున్నాయో, వాటి బాధ్యత ఎవరిదో చూసుకునే పని) సాఫ్ట్‌వేర్‌ ప్రణాళికకే ఇచ్చాం. ఎందుకంటే ఇది మీ పేర్లు, ఫోన్ నంబర్లు, చందా వివరాల సంగతి.

ఒక సభ్యురాలు ఫోన్ నంబరు మారిందని కార్యాలయానికి చెబుతారు. రిజిస్టర్‌లో మారుస్తారు. కోశాధికారి ఎక్సెల్ షీట్‌లో మాత్రం పాతదే ఉంటుంది. కార్యక్రమాల జట్టు దగ్గర ఇంకో కాపీ. చందా రసీదు పాత నంబరుకే వెళ్తుంది. ఆ నంబరు అప్పటికే వేరేవాళ్ల చేతిలో ఉండొచ్చు. ఏ జాబితా అసలైనదో, దాన్ని సరిదిద్దే అధికారం ఎవరిదో ఎక్కడా రాసి లేకపోవడమే ఇక్కడి చిక్కు.

అందుకే సాఫ్ట్‌వేర్ ఎంపిక కంటే ముందే బాధ్యతలు పంచాం. ప్రతి జాబితాకూ నిర్ణయాలు తీసుకునే ఓనర్ ఒకరు, రోజువారీగా తప్పులు పట్టి సరిచూసే స్టీవార్డ్ ఒకరు ఉంటారు. సభ్యత్వ జాబితాకు కార్యదర్శి, చందాలకు కోశాధికారి ఓనర్లు. చందా గడువు దాటినవారిని సభ్యుల లెక్కలో ఉంచాలా వద్దా అన్నదానిపైనే చర్చ ఎక్కువసేపు నడిచింది. ఓటు హక్కుకు గడువు తేదీయే లెక్క అనీ, సమాచారం పంపడానికి మాత్రం ఏడాది చివరి దాకా పేరు ఉంచాలనీ తేల్చాం. ఇది తేలకపోతే ఎంత మంచి సాఫ్ట్‌వేరైనా సభ్యులెంతమందో సరిగ్గా చెప్పలేదు.

అన్ని జాబితాలూ ఒకేసారి ఎక్కిద్దామన్న సూచన వచ్చింది. కమిటీ ఒప్పుకోలేదు. సాఫ్ట్‌వేర్‌తో జాబితాలను స్కాన్ చేస్తే కేటలాగ్ (ఏ జాబితాలో ఏమేమి ఉన్నాయో చూపే పట్టిక) ఒక్కరోజులో నిండిపోతుంది. కానీ ఏ కాలమ్‌కు ఏమి అర్థమో ఎవరూ రాయకపోతే జనం నాలుగుసార్లు వెతికి, విసుగొచ్చి మళ్లీ ఎక్సెల్‌కే వెళ్తారు. అలా ఒకసారి పోయిన నమ్మకం మళ్లీ రావడం కష్టం.

కాబట్టి మొదటి దశలో సభ్యత్వ జాబితా ఒక్కటే. డూప్లికేట్లను, ఖాళీలను పట్టే నియమాలు ఇక్కడే పెడతాం. పాత షీట్ చూడటానికి ఉంటుంది కానీ అందులో ఎవరూ మార్పులు చేయలేరు. రెండో దశలో చందాలు: వార్షిక లెక్కలోని మొత్తం ఏ రసీదుల నుంచి వచ్చిందో వెనక్కి వెళ్లి చూసుకోవచ్చు, బ్యాంకు వివరాలు అవసరమైనవారికి తప్ప కనిపించవు. మూడో దశలో కార్యక్రమాల నమోదులు, పాత కాగితపు ఫారాలు. 2018 మే 25 నుంచి అమల్లో ఉన్న యూరప్ వ్యక్తిగత వివరాల రక్షణ చట్టం జీడీపీఆర్‌లోని 17వ అధికరణం, తన వివరాలు తొలగించమని అడిగే హక్కును మనిషికి ఇచ్చింది. మన దగ్గర ఎవరైనా అలా అడిగితే ఏయే కాపీలు తీసేయాలో వెంటనే చెప్పగలగాలన్నది కమిటీ గట్టి అభిప్రాయం.

ఒక దశ నుంచి మరో దశకు తేదీ చూసి వెళ్లం. డూప్లికేట్లు తొలగి, స్టీవార్డ్ బయటివారి సాయం లేకుండా పని చేయగలిగినప్పుడే ముందుకు వెళ్తాం. అపాచీ అట్లాస్, డేటాహబ్ లాంటి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్లనూ పరిశీలిస్తున్నాం. వాటికి లైసెన్సు ఖర్చు లేకపోయినా సర్వర్, అప్‌డేట్లు చూసుకునే మనిషి కావాలి. ఆ ఖర్చునూ బడ్జెట్ ప్రతిపాదనలో చూపిస్తాం.

మొదటి దశకు ముందు ప్రతి సభ్యునికీ తన వివరాల కాగితం పంపుతాం. దయచేసి చదివి, తప్పులుంటే దిద్ది తిప్పి పంపండి. స్టీవార్డ్‌కు తోడుగా ఉండగలవారు కార్యదర్శికి పేరు ఇవ్వండి.