ఏప్రిల్ 24కు ముందు, అమ్మడికి

అమ్మడూ,

24న మీ ఆర్మేనియాలో సెలవని, క్లాసు పిల్లలంతా పూలు పట్టుకుని 1915 మారణకాండ మృతుల కోసం కట్టిన కొండమీది స్మారకానికి నడిచి వెళ్తున్నారని, పరాయి దేశపు పిల్లవి నువ్వు వెళ్ళొచ్చా అని అడిగావు. వెళ్ళాలి. మూడేళ్ళుగా వాళ్ళ ఊళ్ళో వాళ్ళ అన్నం తింటున్నావు, వాళ్ళ దుఃఖదినాన పక్కన నిలబడడం నీ ధర్మం.

నువ్వన్న రెండో సంగతే నాకు రాత్రంతా మనసులో మెదిలింది. మీ ఇంటిగలావిడ 2023లో కరబాఖ్ కొండప్రాంతం నుంచి కట్టుబట్టలతో వచ్చిందనీ, అజర్‌బైజాన్ పేరెత్తితే ఆమె ముఖం మారిపోతుందనీ, ఎదురుగా కూర్చుంటే ఏం మాట్లాడాలో తోచదనీ చెప్పావు. ఇన్నేళ్ళు హైస్కూల్లో సోషల్ చెప్పినదాన్ని. ఇది ఫోన్లో తేలే విషయం కాదని కూర్చుని రాస్తున్నాను.

ముందు మ్యాపు తీసి చూడు. ఆర్మేనియాకు సముద్రం లేదు. పడమర టర్కీ, తూర్పున అజర్‌బైజాన్, ఉత్తరాన జార్జియా, దక్షిణాన ఇరాన్. మీ యెరెవాన్ మేడలమీంచి రోజూ కనిపించే అరారత్ కొండ వాళ్ళ పాటల్లో ఉంది, దేశపు ముద్రలో ఉంది, కానీ నేల మాత్రం టర్కీది. సోవియట్లతో టర్కీ చేసుకున్న 1921 నాటి కార్స్ ఒప్పందంతో ఆ సరిహద్దు గీత ఖాయమైంది. 1993లో కరబాఖ్ యుద్ధం నడుస్తుండగా టర్కీ ఆ సరిహద్దును మూసేసింది. కళ్ళెదుటి కొండ దగ్గరకు లారీ పోవాలంటే జార్జియా మీదుగా చుట్టి రావలసిన పరిస్థితి వచ్చింది.

పెద్ద రాజ్యాల నడుమ పడ్డ చిన్న నేల అది. ఒకప్పుడు రోము, పర్షియా. తరువాత బైజాంటియం, అరబ్బులు. ఆ తరువాత టర్కీ ఒట్టోమన్లు, ఇరాన్ సఫవీలు, ఆఖరికి రష్యా. రాజుల జాబితా నువ్వు బట్టీ పట్టక్కర్లేదు. రెండు సంవత్సరాలు గుర్తుంచుకో. క్రీ.శ. 301లో, వాళ్ళ సంప్రదాయం ప్రకారం, తిరిదాతెస్ రాజు క్రైస్తవాన్ని రాజ్యమతం చేశాడు. అంతకుముందు ఏ రాజ్యమూ అలా చేయలేదని వాళ్ళ గర్వం. 405లో మెస్రోప్ మష్తోత్స్ అనే సన్యాసి వాళ్ళ భాషకు 36 అక్షరాలు కూర్చాడు. రాజ్యం పోయిన శతాబ్దాల్లో ఆ జాతిని నిలబెట్టినవి ఆ మతమూ ఆ అక్షరాలూ.

పర్షియాతో వాళ్ళ కథ నాకు మొదటినుంచీ ఆశ్చర్యమే. 451లో సస్సానిద్ చక్రవర్తి యజ్దెగెర్ద్ తన మతంలోకి రమ్మంటే ఒప్పుకోక ఆర్మేనియన్ సేనాని వర్దన్ మామికోన్యన్ అవరాయిర్ దగ్గర యుద్ధం చేసి చనిపోయాడు. యుద్ధం ఓడిపోయారు. అయినా పోరు ఆపలేదు. 484లో అదే పర్షియా వాళ్ళ మతం వాళ్ళకు వదిలేస్తూ ఒప్పందం రాసింది. ఓడిన ఆ యుద్ధాన్నే ఇప్పటికీ చర్చిలో స్మరించుకుంటారు. మళ్ళీ 1604లో ఇరాన్ రాజు షా అబ్బాస్ ఒట్టోమన్లతో యుద్ధంలో ఆర్మేనియన్ల జుల్ఫా పట్టణాన్ని ఖాళీ చేయించి జనాన్ని ఇరాన్ లోపలికి తోలుకుపోయాడు. అరస్ నది దాటుతూ ఎందరో మునిగిపోయారు. బతికినవాళ్ళకు ఆయనే ఇస్ఫహాన్ పక్కన నూతన జుల్ఫా కట్టుకోనిచ్చాడు, చర్చీలు నిలుపుకోనిచ్చాడు, పట్టు వ్యాపారం వాళ్ళ చేతిలో పెట్టాడు. ఇల్లు కూల్చిందీ ఆ చెయ్యే, నీడనిచ్చిందీ ఆ చెయ్యే. ఈనాడు ఆర్మేనియాకు దక్షిణాన తెరిచి ఉన్న దారి ఆ ఇరానే.

ఆ నూతన జుల్ఫా వర్తకులే మన బందరు రేవుకు వచ్చారు, అమ్మడూ. గోల్కొండ నవాబుల కాలంలో మన కలంకారీ బట్టలు కొన్నవాళ్ళలో వాళ్ళున్నారు. హైదరాబాద్ ఉప్పుగూడలో వాళ్ళ సమాధులున్నాయి. మద్రాసులో పెట్రస్ ఉస్కాన్ అనే ఆర్మేనియన్ వర్తకుడు తన సొంత డబ్బుతో 1726లో అడయారు నదిమీద వంతెన కట్టించాడు. హరుత్యున్ ష్మవోన్యన్ అనే మతగురువు 1794లో ఆ ఊళ్ళోనే 'అజ్దరార్' పత్రిక అచ్చు వేశాడు. ప్రపంచంలో ఆర్మేనియన్ భాషలో వెలువడ్డ మొట్టమొదటి పత్రిక అదే. సొంత దేశం లేని రోజుల్లో వాళ్ళ పత్రికకు పుట్టిల్లు మన సముద్రతీరం. ఇది నీ స్నేహితులకు చెప్పు, సంతోషిస్తారు.

ఇక 1915. ఒట్టోమన్ రాజ్యంలో ఆర్మేనియన్లు కొత్తగా వచ్చినవాళ్ళు కారు. వాన్, ముష్, ఎర్జురుమ్ వాళ్ళ పూర్వుల ఊళ్ళు. సుల్తాన్ అబ్దుల్ హమీద్ కాలంలో 1894 నుంచి 96 దాకా వేలాది మందిని ఊచకోత కోశారు. 1908లో సుల్తాన్ నిరంకుశత్వం మీద యువ టర్కుల విప్లవం వచ్చినప్పుడు టర్కులూ ఆర్మేనియన్లూ వీధుల్లో కౌగిలించుకున్నారు. మరుసటి ఏడే అదానాలో మళ్ళీ మారణకాండ. పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు నేను ఈ రెండేళ్ళ దగ్గర ఆగిపోయేదాన్ని, ఆ కౌగిలి ఇంత త్వరగా ఎలా విడిపోయిందో ఎన్ని పుస్తకాలు చదివినా నాకు పూర్తిగా అంతుపట్టలేదు.

1915 ఏప్రిల్ 24 రాత్రి ఇస్తాంబుల్‌లో ఆర్మేనియన్ రచయితలను, వైద్యులను, సంఘ పెద్దలను పట్టుకుపోయారు. సంగీతకారుడు కొమితాస్ వాళ్ళలో ఒకడు. ప్రాణంతో తిరిగొచ్చాడు గానీ మనసు చెదిరిపోయి శేషజీవితం ఆస్పత్రుల్లో గడిపాడు. తరువాత ఊళ్ళకు ఊళ్ళనే లేపి సిరియా ఎడారిలోని దేర్ జోర్ వైపు నడిపించారు. మగవాళ్ళను చాలాచోట్ల ముందే చంపేశారు. ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు నడుస్తూ ఆకలికీ దప్పికకూ రాలిపోయారు. చనిపోయినవారు 6 లక్షలని ఒకరు, 15 లక్షలని ఒకరు అంటారు. 10 లక్షలకు పైనే అని చాలామంది చరిత్రకారుల మాట. టర్కీ ప్రభుత్వం దీన్ని జాతిహననమని ఒప్పుకోదు, యుద్ధకాలపు మరణాలంటుంది. నేను చదివినంతలో ఇది జాతిహననమే. ఈ విషయంలో మధ్యస్థంగా మాట్లాడడం మర్యాద అనుకోకు.

అయితే ఆ టర్కుల్లోనే కోన్యా గవర్నరు జెలాల్ బే ఉన్నాడు. పంపేయమన్న ఆజ్ఞలకు అడ్డుపడి వేలమందిని ఆపాడు, పదవి పోగొట్టుకున్నాడు. కుతాహ్యా గవర్నరు ఫాయిక్ అలీ తన జిల్లా ఆర్మేనియన్లను కదలనివ్వలేదు. కుర్దుల్లో చంపినవాళ్ళున్నారు, దెర్సిమ్ కొండల్లో దాచి కాపాడినవాళ్ళూ ఉన్నారు. సిరియాలో అరబ్బు కుటుంబాలు అనాథ పిల్లలను ఇళ్ళలో పెంచుకున్నాయి. 2007లో ఆర్మేనియన్ పాత్రికేయుడు హ్రాంత్ దింక్‌ను ఇస్తాంబుల్‌లో కాల్చి చంపినప్పుడు, లక్ష మందికి పైగా జనం, అందులో ఎక్కువమంది టర్కులే, 'మేమంతా ఆర్మేనియన్లమే' అని రాసిన అట్టలు పట్టుకుని శవయాత్రలో నడిచారు.

యెరెవాన్‌లోని పాత చేతిరాత గ్రంథాల భాండాగారం మాతెనదరాన్‌కు ఇంకా వెళ్ళలేదన్నావు. వెళ్ళు. ముష్ మఠానికి చెందిన చర్మపుటల గ్రంథం అక్కడుంది, 28 కిలోల బరువు. 1915లో ఇద్దరు స్త్రీలు పారిపోతూ దాన్ని చూశారు. మోయలేక రెండు ముక్కలు చేసి చెరి సగం ఎత్తుకున్నారట. ఒకామె తన సగాన్ని ఆర్మేనియన్ చర్చికి పీఠమైన ఎచ్‌మియాజిన్ చేర్చింది. రెండో ఆమె ఎర్జురుమ్‌లో ఒక చర్చి ఆవరణలో పాతిపెట్టి ప్రాణం విడిచిందని చెబుతారు. తరువాత అదీ దొరికింది. బిడ్డల్ని ఎత్తుకోవలసిన చేతులతో పుస్తకాన్ని ఎత్తుకున్న ఆ తల్లుల పేర్లు ఎవరికీ తెలియవు.

మీ ఇంటిగలావిడ కథ వేరే పొరుగుతో. కరబాఖ్‌లో ఎక్కువమంది ఆర్మేనియన్లు, కానీ సోవియట్ కాలంలో దాన్ని అజర్‌బైజాన్‌లో ఉంచారు. 1988లో ఆర్మేనియాలో కలపాలన్న ఉద్యమం లేచింది. వెంటనే అజర్‌బైజాన్‌లోని సుమ్‌గాయిత్‌లో, 1990లో దాని రాజధాని బాకూలో ఆర్మేనియన్లను ఇళ్ళల్లోకి చొరబడి చంపారు. 1992 ఫిబ్రవరిలో ఖోజాలీ దగ్గర ఆర్మేనియన్ సేనలు వందలాది అజర్‌బైజానీ పౌరులను చంపాయి. ఆర్మేనియన్ సేనలు పట్టుకున్న చుట్టుపక్కల జిల్లాల నుంచి లక్షలమంది అజర్‌బైజానీలు నిర్వాసితులయ్యారు, అగ్దామ్ పట్టణం మొండిగోడలైంది. 2020లో 44 రోజుల యుద్ధంలో అజర్‌బైజాన్ చాలాభాగం తిరిగి తీసుకుంది. 2022 డిసెంబరు నుంచి, ఆర్మేనియా నుంచి కరబాఖ్‌కు వెళ్ళే లాచిన్ దారి మూసి కరబాఖ్‌కు తిండీ మందులూ అందకుండా చేసింది. 2023 సెప్టెంబరులో ఒక్కరోజు దాడి, ఆపైన కొద్దిరోజుల్లోనే లక్షమందికి పైగా కొండదారిలో కార్లు బారులు తీరి వచ్చేశారు. ఆవిడ ఆ బారులోనే ఉండి ఉంటుంది.

ఇదంతా నీకు తెలియాలి, ఖోజాలీతో సహా. కానీ ఆవిడ ముందు ఖోజాలీ మాట ఎత్తవద్దు. ఒకరి శోకానికి ఎదురు శోకం తూచి పెట్టడం చరిత్ర చదవడం కాదు. ఆవిడ అడిగితే నిజం చెప్పు. అడగకపోతే ఆవిడ ఊరి గురించి అడిగి విను: ఇంటి ముందు ఏం చెట్లుండేవి, ఎవరితో ఇచ్చిపుచ్చుకోవడం ఉండేది, పక్క ఊరి అజర్‌బైజానీలతో చిన్నప్పుడు మాటలుండేవా. ఆఖరిది నెమ్మదిగా, ఆవిడ తనంతట తాను ఆ వైపు వస్తేనే. వాళ్ళ పాతకాలపు కవిగాయకుడు సయత్ నోవా ఆర్మేనియన్‌లోనూ జార్జియన్‌లోనూ అజర్‌బైజానీలోనూ పాటలు కట్టాడు. యెరెవాన్‌లో ఆయన పేరుమీద పెద్ద వీధే ఉంది. ఆ పాటల సంగతి ఎత్తితే ఆవిడే మొదలుపెడుతుందేమో.

24న ఆవిడ స్మారకానికి వెళ్తుంటే చెయ్యి పట్టుకుని తోడు వెళ్ళు. పెద్దావిడ, ఎక్కుడు దారి. పూలు అక్కడ వెలిగే ఆరని జ్యోతి చుట్టూ పెడతారట, ఎవరు ఎలా పెడుతున్నారో చూసి అలాగే పెట్టు. ఫొటోలు తీయకు.

సెలవులకు వచ్చినప్పుడు మద్రాసు వెళ్దాం. ఆర్మేనియన్ వీధిలో 1772 నాటి చర్చి ఉంది, పత్రిక పెట్టిన ష్మవోన్యన్ సమాధి ఆ ఆవరణలోనే. నాన్నగారు టిక్కెట్లు తీస్తానన్నారు, నీ తేదీలు రాయి.

అమ్మ