పన్ను గురించి తొందరపడకు

హన్మకొండ

బిడ్డా,

ఫోన్‌లో నేను చెప్పేది నీకు సగం అర్థం కాదు, అర్థమైన సగానికి టెన్షన్ పడతావు. అందుకే రాస్తున్నాను. కింది పెదవి ఒక పక్క ఇంకా మొద్దుగానే ఉంది, పళ్లేమో కట్టేసి ఉన్నాయి. మొన్న ‘పాలు’ అన్నాను. మీ బాపు ‘చాలు’ అనుకుని గిన్నె తీసుకుపోయాడు.

బండి మీద నుంచి పడ్డప్పుడు ఒక పన్ను ఊడింది. దెబ్బ తగిలింది గడ్డానికి. దవడ ఎముక విరిగింది మాత్రం రెండు చోట్ల, గడ్డం దగ్గర ఒకటి, చెవి ముందు కీలు దగ్గర ఒకటి. గడ్డం నేలకు కొట్టుకుంటే ఇలా అవడం మామూలేనట. ముందు వైపు టైటానియం ప్లేటు వేశారు. ఇబ్బంది పెట్టకపోతే అది లోపలే ఉంటుంది. కీలు దగ్గర కొయ్యలేదు, పైపళ్లకూ కిందిపళ్లకూ కమ్మీలు కట్టి రబ్బర్లు తగిలించారు. ఎముక అతకడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. రబ్బర్లు అంతకంటే ముందే వదులు చేసి నోరు తెరిపిస్తారు, లేకపోతే కీలు బిగుసుకుపోతుందట. ఐస్‌క్రీం పుల్లలు పళ్ల మధ్య ఒక్కొక్కటే పెంచుకుంటూ పోవాలి, నిలువుగా మూడు వేళ్లు పట్టేదాకా.

తిండికి లోటు లేదు. మీ బాపు జొన్న అంబలి కాచడం నేర్చుకున్నాడు, ఉండలు కట్టినా జాలిలో వడపోసి ఇస్తాడు. పప్పుకట్టు, రాగిజావ, మజ్జిగ, ఆదివారం మటన్ బొక్కల సూప్. సిరంజికి చిన్న గొట్టం పెట్టి బుగ్గ పక్క నుంచి పోసుకుంటాను, చివరి పన్ను వెనక సందులోంచి లోపలికి పోతుంది. షుగర్ మాత్రలు వేసుకుంటున్నాను కాబట్టి పూట తప్పకూడదు. పెదవికి వేడి తెలియదు, చాయ్ కూడా ముందు వేలు పెట్టి చూసుకోవాలి. రోజంతా తాగుతున్నా ఒళ్లు తగ్గింది, జాకెట్లన్నీ వదులయ్యాయి.

దిండు పక్కన కత్తెర పెట్టుకుంటున్నాను. వాంతి వస్తే వెంటనే రబ్బర్లు కోసెయ్యాలని డాక్టర్ చెప్పాడు. పక్కింటి పెద్దమ్మ చూసి, పీడకలలు రాకుండా పెట్టుకున్నా అనుకుని, ఇనుము మంచిదే అంది. నేను కూడా అవునన్నట్టు తల ఊపాను, అంత కథ ఎవరు చెప్తారు!

ఇక నువ్వు చెప్పే ఇంప్లాంట్ సంగతి, అదే, దవడ ఎముకలో స్క్రూ దింపి దాని మీద పన్ను పెట్టడం. డబ్బులు పంపుతాను, వెంటనే వేయించుకో అంటున్నావు. ఊడిన పన్ను పక్కది కూడా కదిలింది బిడ్డా. దాని నరం బతికిందో లేదో తెలియడానికి నెలలు పడుతుంది. రంగు మారినా, నొప్పి మొదలైనా రూట్ కెనాల్ చెయ్యాలి. అదీ పోతే రెండు పళ్ల లెక్క వేరే. ఇంప్లాంట్ వేసినా స్క్రూ ఎముకలో పట్టుకోవడానికి 3 నుంచి 6 నెలలు కావాలి, అప్పటిదాకా షుగర్ అదుపులో ఉండాలి. బ్రిడ్జి, అదే పక్కపళ్ల ఆధారంతో కట్టుడు పన్ను పెట్టాలంటే, అటూ ఇటూ ఉన్న పళ్లను అరగదియ్యాలి, అది నాకు ఇష్టం లేదు. ప్రస్తుతానికి తీసి పెట్టుకునే పన్ను చాలు. ఈ వయసులో నాకేం పెళ్లిచూపులా?

పిల్లలు ఆడుకునే ఇల్లు కాబట్టి కోడలికి ఒకటి చెప్పు. పాలపన్ను కాకుండా మళ్లీ వచ్చిన పన్ను దెబ్బకు ఊడితే, వేరు ముట్టుకోకుండా పైభాగం పట్టుకుని పాలల్లో వేసి, అరగంటలోపు పళ్ల డాక్టర్ దగ్గరికి తీసుకుపోవాలి. మళ్లీ అక్కడే పెట్టి కడితే అతుక్కునే అవకాశం ఉంటుంది. పాలపన్ను అయితే తిరిగి పెట్టరు. నా పన్ను రోడ్డు మీద ఎటు పడిందో ఎవరూ వెతకలేదు, ఆ గడబిడలో ఎవరికి తోస్తుంది?

లీవ్ ఇప్పుడు పెట్టకు. రబ్బర్లు తీశాక రా, నోరారా మాట్లాడుకోవచ్చు. వచ్చేటప్పుడు చిన్నపిల్లల మెత్తటి బ్రష్‌లు రెండు పట్టుకురా, కమ్మీల దగ్గర అవే బాగా తిరుగుతున్నాయి. మా ఇద్దరికీ గడ్డం దాకా కప్పే హెల్మెట్లు చూడు. మీ బాపు ఊపిరాడదంటాడు, వినకు.

మీ అమ్మ